మ్యూజియం మామ్మగారు క్షమించలేదు

మా మ్యూజియం మామ్మగారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్దామని చీర కట్టుకుంటుంటే ఫోన్ వచ్చింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. మంగళవారం సమాధి చేశారు. ఏడవాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. శవపేటిక పక్కన నిలబడి వాళ్ళ చర్చి ఫాదర్‌గారు, "ఈ తల్లి తనకు కీడు చేసినవాళ్ళందరినీ క్షమించి ప్రశాంతంగా కన్ను మూసింది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేను ఊపలేదు. అది అబద్ధం. ఆమె క్షమించలేదు. ఆ సంగతి ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే కనక రాస్తున్నాను.

పెట్రోలు కోసం కార్లు వీధి చివరిదాకా బారులు తీరిన ఏడాది మేం పార్సిప్పనీలో అపార్టుమెంటు తీసుకున్నాం. మావారు ఆఫీసుకి వెళ్తే ఉన్న ఒక్క కారూ వెళ్ళిపోయేది. మాట్లాడే మనిషి లేక నేను ఊరికే వీధులు తిరిగేదాన్ని. ఒక చలి మధ్యాహ్నం ఉక్రేనియన్ వాళ్ళ చర్చి హాలు ముందు ఆగి చేతులు రుద్దుకుంటుంటే, మేడమెట్ల పైనుంచి ఒక ముసలావిడ తొంగి చూసింది.

"చలికి చావడానికొచ్చావా, మా కవిని చూడ్డానికొచ్చావా?"

"కవిని చూడ్డానికే" అన్నాను, ఏ కవో తెలియకుండానే.

మేడమీద రెండు గదులు. వాళ్ళ జాతీయ కవి పేరున పెట్టిన మ్యూజియం. ఆయన కవే కాదు, చిత్రకారుడు కూడా. దొరల పొలాల్లో వెట్టిచాకిరీ చేసే ఇంట పుట్టాడు. పద్యాలు రాసినందుకు రష్యా చక్రవర్తి ఆయన్ని సిపాయిగా ఎక్కడో ఎడారి కోటకి తోలేసి, ఇక రాయకూడదు, బొమ్మ గీయకూడదు అని శాసించాడు. ఆయన బూటులో కాగితాలు దాచుకుని రాస్తూనే ఉన్నాడట. ఈ కథంతా చెప్పి మామ్మగారు నన్ను వెనక్కి తీసుకెళ్ళి ఆ చక్రవర్తి పటం చూపించారు. దాన్ని సరిగ్గా బాత్రూమ్ తలుపుకి ఎదురుగా తగిలించారు. "ఎవరు తలుపు తీసినా ముందు వాడికే వాసన కొట్టాలి" అన్నారు. నాకు అప్పుడే ఆమె నచ్చేశారు.

ఆమె కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పటాలకి పైన ఎర్రదారంతో పువ్వులు కుట్టిన తువ్వాళ్ళు వేలాడదీసేవారు. అవన్నీ తన చేతి కుట్టే. నేను ఇంగ్లీషులో మాట్లాడుతూనే "మామ్మగారూ" అని పిలిచేదాన్ని. దాని అర్థం చెప్పాక, వేరేలా పిలిస్తే పలకడం మానేశారు. ఒకసారి ఆవకాయ రుచి చూపిస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తాగి, "ఇది మావాళ్ళకి తెలిసుంటే చక్రవర్తిని ఎప్పుడో వదిలించుకునేవాళ్ళం" అన్నారు.

లోపలి గదిలో, కవి గీసిన బొమ్మల అచ్చుప్రతుల మధ్య, పేరు రాయని పెన్సిలు బొమ్మ ఒకటుండేది. బక్కపలచని మనిషి, మెడదాకా బొత్తాలు. అది వాళ్ళ నాన్న. ఊళ్ళో డ్రాయింగు మాస్టారు. ఫోటో ఒక్కటీ మిగల్లేదని ఆమే గుర్తుచేసుకుని గీసుకున్నారు. ఆయన దగ్గర చదువుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు వాళ్ళింట్లోనే ఉండి, వాళ్ళ పళ్ళెంలో తిని, ఒకరోజు సోవియట్ అధికారుల దగ్గరికి వెళ్ళి, మాస్టారు ఆ కవి పద్యాలకి పెడర్థాలు చెప్పి పిల్లల్ని ప్రభుత్వం మీదికి ఉసిగొల్పుతున్నాడని చెప్పొచ్చాడు. మాస్టార్ని బండెక్కించి తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. ఆ దిగులుతో తల్లి పోయింది. తర్వాత యుద్ధం. ఈ పిల్లని జర్మనీకి కూలికి తోలుకుపోయారు. అక్కణ్ణించి ఎలాగో ఇక్కడికి చేరింది.

నేను గుంటూరు జిల్లా క్రైస్తవుల పిల్లని. క్షమించమనే వాక్యాలు సండేస్కూల్లో బట్టీ పట్టినదాన్ని. ఆ ధైర్యంతోనే, "క్షమించేస్తే మీకే మనశ్శాంతి కదా" అన్నాను.

ఆమె కుట్టు ఆపలేదు. "అడగనివాణ్ణి క్షమించడమంటే, తలుపు తట్టనివాడికి విస్తరేసి కూర్చోవడం. ఈగలు ముసురుతాయి, అంతే."

నేను డ్రైవింగ్ నేర్చుకున్న ఏడాది, వసంతకాలంలో, సోవియట్ పండితుల బృందమొకటి ఇక్కడి కాలేజీకి వచ్చింది. అందులో ఒకతను ఆ కవి మీద పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడి ఉక్రేనియన్ వాళ్ళ పత్రికలో అతని ఫోటో చూసి మామ్మగారు నన్ను పిలిపించారు. కనుబొమ్మని రెండుగా చీల్చిన మచ్చ మీద వేలు పెట్టి, "మా గుర్రం తన్నింది. కట్టు కట్టింది మా అమ్మ" అన్నారు.

మ్యూజియం చూడ్డానికి రమ్మని కాలేజీ ద్వారా అతనికి కబురు పంపారు. సోవియట్ వాడు మా మెట్లెక్కడానికి వీల్లేదని హాలు పెద్దలు ఎగిరారు. "తాళంచెవి నా దగ్గరుంది" అన్నారు మామ్మగారు. తీసుకురావడానికి వాళ్ళలో ఎవరూ కారివ్వలేదు. నేను తెస్తానన్నాను.

మావారు బెంబేలెత్తిపోయారు. "నీకేమైనా మతిపోయిందా? గ్రీన్ కార్డ్‌కి అప్లై చేసి కూర్చున్నాం. ఎవడో రష్యా వాణ్ణి కార్లో తిప్పావని రేపు ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్తావు?"

"పికప్ చేసి డ్రాప్ చేస్తానండీ, అంతే. ఆవిడకి ఇంకెవరున్నారు?"

"వాడొస్తే ఆవిడ ఏం చేస్తుందో తెలుసా నీకు?"

నాకు తెలియదు. తెలుసుకోవాలనే వెళ్ళాను.

అతను బూడిదరంగు సూటులో, మర్యాదగా, కొంచెం కుంటుతూ వచ్చాడు. వెంట ఒక కాపలా మనిషి. మామ్మగారు టీ ఇచ్చారు, ఒక్కో పటం దగ్గరా ఆగి వివరం చెప్పారు. అతను ఆమెను గుర్తుపట్టలేదు. కాపలా మనిషి సిగరెట్ కాల్చుకోవడానికి కిందికి దిగాడు. ఆమె నిమ్మళంగా వెళ్ళి తలుపు తాళం వేసి, అతన్ని లోపలి గదిలో పెన్సిలు బొమ్మ ముందు నిలబెట్టారు. వాళ్ళ భాషలో మాట్లాడుకున్నది ఆమె తర్వాత నాకు మాట మాటకీ చెప్పారు.

"మీరు పండితులు కదా. ఇది ఎవరు?"

"ఇది కవి గీసింది కాదు."

"ఎవరు గీశారని అడగలేదు. ఎవరు, అన్నాను."

అతను తెలియదన్నాడు. బొమ్మనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. చేతిలో కప్పు పక్కనున్న బల్ల మీద పెట్టేశాడు.

"పేరు చెప్పు. గట్టిగా. చెప్పేదాకా తలుపు తీయను."

కింద కాపలా మనిషి దగ్గు వినిపిస్తోంది. చివరికి అతను చెప్పాడు, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా. చెప్పి గోడకి చెయ్యి ఆనించి ఏడ్చాడు. క్షమించమన్నాడు. ఆ ఒక్క మాటా భాష రాకపోయినా నాకు అర్థమైంది. మామ్మగారు "లేదు" అన్నారు. తలుపు తీశారు.

కారులో కాపలా మనిషి ముందుసీట్లో కునుకు తీస్తుంటే, వెనక నుంచి అతను ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. "ఆమె ఎప్పటికైనా నన్ను క్షమిస్తుందా?"

"లేదు" అన్నాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఆ మాట అంటుంటే నాకు హాయిగా ఉంది.

కొన్నాళ్ళకి అతను తన దేశం పత్రికలో ప్రయాణం గురించి రాశాడు. మతిస్థిమితం లేని ఒక ముసలిది దుమ్ముకొట్టుకుపోయిన రెండు గదులకి మ్యూజియమని పేరు పెట్టుకుందట. ఎవరో అది తెచ్చి చూపిస్తే మామ్మగారు చదివి మడిచి పక్కన పెట్టారు. "మంచిదే. తొందరపడ్డానేమోనని అప్పుడప్పుడూ నిద్రపట్టేది కాదు. ఇక పడుతుంది" అన్నారు.

అతని పేరు నేను రాయను. గౌరవవాచకం కూడా వాడను. ఆ కవి పేరు పక్కన తన పేరు నిలవాలని ఒక మాస్టార్ని చంపించినవాడు. నా చేతిమీదుగా మాత్రం నిలవడు. ఫాదర్‌గారు నన్ను క్షమించాలనుకుంటే క్షమించవచ్చు.

మామ్మగారి నుంచి నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. ముడి కనపడని కుట్టు, చలిని లెక్కచేయని నడక, చనిపోయినవాళ్ళ తరఫున మనం దానధర్మాలు చేయకూడదన్న తెలివి. కళ్ళు మూసుకుంటే మాత్రం అతన్ని దింపి నేను తిరిగొచ్చిన ఆ సాయంత్రమే కనిపిస్తుంది. "అడగనివాణ్ణి క్షమించనన్నారు, ఇప్పుడు అడిగాడు కదా, మామ్మగారూ?" అని అడుగుదామనుకుంటూ కారు ఆపాను. ఆమె హాలు మెట్ల మీద ఉన్నారు. మా ఊళ్ళో శవం లేచాక ఇల్లు కడిగినట్టు, పైమెట్టు నుంచి బకెట్ల కొద్దీ నీళ్ళు కుమ్మరిస్తూ చీపురుతో రుద్దుతున్నారు. చెప్పులు, మేజోళ్ళు, గౌను అంచు తడిసి ముద్దయ్యాయి.

నేను నోరు తెరవకముందే, "అడిగాడు, నిజమే. అడగాల్సింది నన్నా? మా నాన్న ఎక్కడున్నాడో అక్కడికెళ్ళి అడగమను" అన్నారు.

నేను చెప్పులు విప్పి, కింది మెట్టు దగ్గరున్న రెండో చీపురు అందుకున్నాను. నురగతో మురికినీళ్ళు పార్కింగ్ లాట్ దాటి, రోడ్డు వారనున్న వాలులోకి జారిపోతున్నాయి. మామ్మగారు మళ్ళీ బకెట్ నింపుకోవడానికి పైకెక్కుతున్నారు.