మోటారు గది దాకా

తిలగవతి అక్క నా ఫోన్ నంబరు ఇచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. బెంగళూరులో ఒక ఆఫీసువాళ్లు ఆమెకు ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చుకునే ముందు, ఆమెతో కలిసి పనిచేసిన మనిషిని ఒక మాట అడుగుతారట. ఆ మనిషిని నేను. కొత్త నంబరు మోగితే ఆగిపోయేదాకా చూస్తూ కూర్చునే మనిషిని.

తమిళనాడు ధర్మపురిలో, బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మేడ మీద మా ఆఫీసు ఉండేది. సెల్‌ఫోన్‌తో నడిచే మోటారు స్టార్టర్లు అమ్మే కంపెనీకి మేము సపోర్ట్ టీం. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ కొడితే పొలంలో మోటారు తిరగాలి. తిరగకపోతే మాకు ఫోన్ చేస్తారు. తెలుగువాళ్లు చేస్తే మాట్లాడేది తిలగవతి అక్క. పక్క కుర్చీలో కూర్చుని తెలుగు మెసేజీలకు జవాబులు టైపు చేసేది నేను. కుప్పం దగ్గర అవ్వ ఇంట్లో ఉండి తొమ్మిదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు తెలుగు రాత వచ్చు. అక్కకు మాటే వచ్చు, రాత రాదు. బి. మల్లాపురం అనే పల్లెలో వాళ్లింట్లో ముత్తాతల కాలం నుంచి మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. ఫోన్‌లో ఏం చెప్పాలో కంపెనీ రాసిచ్చిన తెలుగు కాగితాన్ని నేను చదువుతూ ఉంటే ఆమె తమిళ అక్షరాల్లో రాసుకుని మానిటరు అంచుకు అంటించుకుంది. ఎడమ చేత్తో రాసింది.

కుడి చేతిని కొబ్బరి పీచు మిల్లులో తాడు పేనే మిషన్ లాగేసింది. వేళ్లు ఉన్నాయి, ముడుచుకోవు. కొడవలి పట్టలేదు, గంప ఎత్తలేదు. ఊళ్లో వేరుశనగ పీకడానికి అందరినీ పిలిచేవాళ్లు ఆమె గుమ్మం దాటి వెళ్లిపోతారు. ఇంట్లో ఉండేది ఆమె, వాళ్లమ్మ. "ఈ చేతికి కూలి లేదు పాపా, నోటికే ఉండాది," అనేది అక్క.

ఆ నోటిని ఆమె వాడే తీరు వేరు. రైతు ఫోన్ చేసేది ఇంటి నుంచి, స్టార్టరు ఉండేది పొలంలో, మోటారు గదిలో. 'అక్కడికి వెళ్లి మళ్లీ ఫోన్ చేయండి' అని పెట్టేయాలని మాకు నియమం. అక్క పెట్టేది కాదు.

"నడువన్నా, నేను లైన్లోనే ఉంటాను. గట్టు మింద చూసుకోని పో. కుక్క అరుస్తా ఉండాదే, మీదేనా? ఆడ టమాటా ఎట్ల పోతా ఉండాది? తాళం తీసినావా? ఇప్పుడు చెప్పు, ఎర్ర లైటు ఎలుగుతా ఉందా?"

ఒకసారి మదనపల్లె పక్క నుంచి ఒక ముసలామె, "ఏ ఊరు తల్లీ నీది, మా పక్క మాదిరే మాట్లాడతా ఉండావు," అని అడిగింది.

"ధర్మపురి అవ్వా."

"అది యాడుంది?"

"నీకి ధర్మపురి తెల్వదు, నాకి మదనపల్లె తెల్వదు. సరికి సరి. నువ్వు నడువు."

గోడ మీద టీవీలో ఎవరి కాల్ ఎంతసేపు నడుస్తోందో కనిపించేది. హద్దు దాటితే పేరు ఎర్రబడుతుంది. అక్క పేరు ఎప్పుడూ ఎరుపే. మా సూపర్‌వైజరు భూపతి సార్ వెనక వచ్చి నిలబడి, "తిలగా, మోటారు బాగు చేయిస్తా ఉండావా, పెండ్లి మాటలు మాట్లాడతా ఉండావా?" అని తమిళంలో అడిగేవాడు.

"ఆయప్ప ఇంకా మోటారు గదికి చేరలేదు సార్," అనేది అక్క, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి.

తర్వాత కంపెనీ రికార్డు చేసిన గొంతు పెట్టుకుంది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. మేడ ఖాళీ అయింది. నేను పెద్దాసుపత్రి ఎదుట జిరాక్స్ షాపులో చేరాను. జనం కాగితం చాపుతారు, నేను తీసి ఇస్తాను. మాట అవసరం లేదు. సోమవారం మాత్రం చేతికి కసరత్తు చేయించుకోవడానికి అక్క ఆసుపత్రికి వచ్చేది. అయ్యాక షాపు మెట్టు మీద నా పక్కన కూర్చుని టీ తాగేది. వారం మొత్తంలో నేను మాట్లాడే మాటలన్నీ ఆ మెట్టు మీదే.

ఆ మెట్టు మీదే బెంగళూరు సంగతి చెప్పింది. ముసలివాళ్లకు ఇంటికి మందులు పంపే చోటట. తెలుగు, తమిళం రెండూ మాట్లాడే మనిషి కావాలట.

"భూపతి సార్‌ని చెప్పమనొచ్చు కదక్కా."

"అడిగినాను. 'ఏం చెప్పాల, నీ పేరు దినమూ ఎర్రగా ఉండేదని చెప్పాలా' అన్నాడు. పావం, ఆయన్న అబద్ధం చెప్పలేడు."

"నాకు మాట్లాడను రాదక్కా."

"తేన్మొళి అని పేరు పెట్టినారు నీకి. తేనె మాటంట. సీసా మూత తీసినోళ్లు ఎవురూ లేరు." నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "ఇది పోతే నాకి ఇంకోటి లేదు పాపా. నువ్వేం కట్టి చెప్పొద్దు. చూసింది చెప్పు."

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. బయటికి వచ్చి మెట్టు మీద నిలబడి ఎత్తాను. బెంగళూరు ఆఫీసు నుంచి ఒకావిడ.

"తేన్మొళి గారేనా అండీ? తిలగవతి గారి గురించి రెండు మాటలు అడగొచ్చా?"

"అడగండి."

"పని బాగా చేసేవారా?"

"చేసేది."

"ఫోన్ చేసినవాళ్లతో ఎలా ఉండేవారు?"

"బాగా."

అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. నా జవాబుల్లో రాసుకోవడానికి ఏమీ లేదు. ఇంతటితో ఊరుకుంటే ఆమె ఫోన్ పెట్టేస్తుంది, సోమవారం అక్క వచ్చి ఇక్కడే కూర్చుంటుంది. ఆ ఆలోచన నాకు రాలేదని అనను.

"ఆవిడ మార్చుకోవలసింది ఏమైనా ఉందాండీ?"

"ఫోన్ తొందరగా పెట్టదండీ," అన్నాను.

"అంటే?"

"వాళ్లు మోటారు గదికి చేరాలి కదా."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే అంతా చెప్పాలి. చెప్పాను. ఇల్లు, పొలం, గట్టు, కుక్క. ఒక వానరోజు పలమనేరు పక్క నుంచి ఒంటరి ముసలాయన చేసిన ఫోన్ గురించి చెప్పాను. గది ముందు కరెంటు తీగ తెగి నీళ్లలో పడి ఉందని ఆయన అన్నాడు. "ముట్టొద్దు తాతా, ఎనక్కి తిరుగు" అని, ఇల్లు చేరాక లైన్‌మన్‌కు ఫోన్ చేయమని చెప్పి, ఆయన ఇల్లు చేరేదాకా అక్క మాట్లాడుతూనే ఉంది. పేరు ఎర్రగా వెలుగుతూ ఉంది. భూపతి సార్ వెనకే ఉన్నాడు, ఆ రోజు ఏమీ అనలేదు. "కాళ్లు కడుక్కో తాతా" అని, అప్పుడు పెట్టింది అక్క.

అవతల టైపు చప్పుడు మళ్లీ మొదలైంది. "మాకూ టైము లెక్క ఉందండీ," అంది. తర్వాత అడిగింది: "మీరైతే మళ్లీ ఆవిడతో పనిచేస్తారా?"

"పక్క కుర్చీ ఇస్తే చేస్తాను."

"సరేనండీ, చూస్తాం." పెట్టేసింది. చెడగొట్టాననుకున్నాను.

ఆదివారం బస్టాండుకు రమ్మని అక్క కబురు చేసింది. బెంగళూరు బస్సు పక్కన సంచితో నిలబడి ఉంది.

"ఏం చెప్పినావు పాపా ఆ యమ్మకి? 'మీ ఫ్రెండు చాలాసేపు మాట్లాడారు' అనింది. వేరే ఎవురికో పోయింది ఫోను అనుకున్నాను."

"నువ్వు ఫోన్ తొందరగా పెట్టవని చెప్పినానక్కా."

"నా కూటికే ఎసరు పెట్టబోయినావే." ముడుచుకోని చేత్తో నోరు కప్పుకుని నవ్వింది. ఆ చేత్తోనే నా తల తాకి బస్సెక్కింది.

సోమవారం మెట్టు మీద ఎవరో రోగి తాలూకు మనుషులు కూర్చుని అన్నం తిన్నారు. సాయంత్రం మా ఊరి స్టాపులో దిగేసరికి అక్క ఫోన్ వచ్చింది.

"యాడుండావు?"

"ఇప్పుడే దిగినానక్కా."

"నడువు. లైన్లో ఉంటాను."

నడిచాను. అక్కడ ఆఫీసులో చలి అంది, చపాతీలు తోలు మాదిరి ఉన్నాయంది, ఒక తాత మందు పేరు చెప్పలేక పాట మొదలుపెట్టాడంది. నేను ఊఁ కొడుతూ మామిడి తోపు దాకా వచ్చాను. అంతలో అవతల ఎవరో ఆమెను పిలిచారు. మరోసారి పిలిచారు.

"పాపా, టీ టైము అయిపోయినట్ల ఉండాది. యాడిదాకా పోయినావు?"

తోపు దాటితే చెరుకు తోట, ఆ తర్వాత ఇటుకల బట్టీ, ఆ తర్వాత మా వీధి.

"ఇల్లు చేరినానక్కా. తలుపు తీస్తా ఉండాను," అన్నాను.

"సరి. కాళ్లు కడుక్కో," అని పెట్టేసింది.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని మిగతా దారి నడిచాను.