చెంచా కోసం ఆగిన చేయి

ఒంటరిగా ఢోలక్ వాయించడం నాకు చేతకాదు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మా గల్లీ పెళ్ళిళ్ళలో నేర్చుకున్న విద్య అది. ఒకామె ఢోలక్ ఒళ్ళో పెట్టుకుని వాయిస్తుంది. ఎదురుగా కూర్చున్నామె రెండు తోళ్ళ నడుమ ఉండే దాని కర్ర మీద చెంచాతో తాళం వేస్తుంది. ఢోలక్ నాది, చెంచా మా పక్కింటి నేస్తానిది, పాడేదీ ఆమే. ఎవరింట్లో పసుపు దంచినా, ఎవరింట్లో మెహందీ పెట్టినా ఇద్దరికీ కలిపే పిలుపొచ్చేది. చరణం అయిపోగానే నేను చేయి ఆపాలి. ఆమె చెంచాతో మూడు దెబ్బలు వేయాలి. ఆ తర్వాతే మళ్ళీ పల్లవి. పదిహేనేళ్ళు ఇదే మా పద్ధతి.

తర్వాత ఆమె నర్సు ఉద్యోగానికి మస్కట్ పోయింది. సెలవు దొరికి వద్దామనుకునేసరికి కరోనా వచ్చి విమానాలు బందయ్యాయి. నేను కరెంటు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, అటక మీది ఢోలక్ వైపు చూసేదాన్ని కూడా కాదు. ఎవరికోసం వాయించాలి, నా బొంద!

ఒక ఆదివారం ఫోన్ చేసింది. రోగులకు ధైర్యం చెప్పే పాట ఒకటి చేస్తున్నారట. ఆమెతో పనిచేసి మనీలా తిరిగెళ్ళిన నర్సు ఒకాయన గిటారు, కొలంబోలో ఎవరో వయొలిన్. ఎవరింట్లో వాళ్ళు రికార్డు చేసి పంపితే ఆ మనీలా ఆయన అన్నీ కలుపుతాడు. ఢోలక్ నన్ను పంపమంది. ఫోన్లో వాయించుడేంది, నాతో కాదని కసిరాను. ఫోన్ పెట్టేసి, అటక మీది ఢోలక్ దించి తాళ్ళు బిగించాను. నిజం చెప్పాలంటే నా ఆశ పాట మీద కాదు. ఆమెతో ఒక్కసారి మళ్ళీ వాయించాలి, అంతే.

కిటికీలు మూసి, తలుపుకి బొంత అడ్డం పెట్టి, ఆయన పంపిన గిటారు చెవిలో వింటూ వాయించి పంపాను. రెండు రోజులకు మనీలా నుంచి కబురు. బాగుంది కానీ ప్రతి చరణం చివరా చప్పుడు పోతోందట, ఫోన్ చెడిపోయిందేమో, ఖాళీలు నింపి మళ్ళీ పంపమన్నాడు. ఒళ్ళు మండింది. నా ఫోన్‌కేం రోగం? తీరా విని చూస్తే, మూడు చోట్ల నా చేయే ఆగింది. నాకు తెలియకుండానే చెంచా కోసం ఆగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పయింది, నింపి పంపుతానని ఆమెకు చెప్పాను.

"నింపకే. అది నా జాగ," అంది.

వారానికి పాట వచ్చింది. వంటింట్లో పొయ్యి ఆపి విన్నాను. ఆమె గొంతు కాస్త బొంగురుపోయింది. 'తెల్లారుతది, తలుపులు తెరుస్తం' అని చరణం ముగించింది. నా చేయి ఆగింది. టింగ్, టింగ్, టింగ్. చెంచానే! కానీ కర్ర చప్పుడు కాదు. దేని మీద కొట్టావని వెంటనే ఫోన్ చేసి అడిగాను.

"హాస్టల్ల కర్ర ఏడున్నదే? ఇనుప మంచం మీద కొట్టిన. నువ్వు ఎదురుంగ కూసున్నవనుకొని కొట్టిన."

ఆ పాటతో ఎంతమందికి ధైర్యం వచ్చిందో నాకు తెలీదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఢోలక్ కర్ర మీద, ఇన్నేళ్ళ చెంచా దెబ్బలకు రూపాయి బిళ్ళంత గుంట పడి ఉంది. ఆ గుంట ఎదుటివైపు వచ్చేలా ఢోలక్ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా చాప పరిచి, పాట మొదటినుంచి పెట్టాను. చరణం కాగానే చేయి ఆపాను. ఖాళీ చాప వైపు చూస్తుండగా చెంచా మోగింది.