బుచ్చవ్వ రెండోనాటి జున్ను

నల్లగొండ బస్టాండు పక్క హోటల్లో మొన్న జున్ను అని ఒకటి తెచ్చి పెట్టారు. బెల్లం, మిరియాల వాసన తగలగానే, దేవరకొండ బస్సులో పట్టేసిన నడుము సంగతి కాసేపు మరిచిపోయాను. తీరా చెంచా దించితే అది నున్నగా, అద్దంలా విరిగింది. ఒక్క చిల్లి లేదు. నోట్లో వేసుకుంటే పళ్లకూ పని లేదు, నాలుకకూ పని లేదు. పాలపొడీ, చైనాగ్రాసూ కలిపి చేస్తారట. హోటలాయన ఎట్లుందని అడిగితే చాలా బాగుందన్నాను. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు. కానీ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక బుచ్చవ్వ గుర్తొచ్చింది. ఎక్కాల్సిన బస్సు కళ్లముందే వెళ్లిపోయినా లేవబుద్ధి కాలేదు.

బుచ్చవ్వ మా పక్కింటి మనిషి. దేవరకొండకు రెండు కోసుల దూరంలో మా పల్లె. నైజాం జమానా చివరి రోజులు. ఆమెకు యాభై దాటాయి, నాకు ఇరవై రెండు, కొత్తగా పెళ్లయింది. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, ఒక ముసలి బర్రె ఉంది. దాని వెన్న అమ్ముకుని బతికేది. ఊళ్లో ఎవరి పశువు ఈనినా జున్ను వండటానికి ఆమెనే పిలిచేవారు. కళ్లు మూసుకుని ఒక ముక్క తిని, ఆ బర్రెకు ఏ కొమ్ము వంకరో చెప్పేస్తుందని నేను పొరుగూళ్లలో చెప్పి తిరిగేవాణ్ని. అది అబద్ధం. ఎన్నో పూట పాలో చెప్పేది, అది నిజం.

జున్ను విషయంలో ఆమెవి గట్టి అభిప్రాయాలు. మొదటి పూట పాలు పసుపు కలిపినట్టు చిక్కగా ఉంటాయి, మామూలు పాలు దండిగా కలపకపోతే జున్ను ఇటుకలా బిగుస్తుంది. కొరికితే పళ్లకింద కిచకిచమంటుంది. గుడ్డలో కట్టుకుని చేనుకు పోవడానికి అది మంచిదనేది. ఆవు జున్ను మెత్తన, జ్వరమొచ్చి లేచిన నోటికి హితం. మేక జున్నులో బెల్లం వేయనిచ్చేది కాదు. దానికి ఉప్పు, మిరియాలు, పక్కన వేడి జొన్నరొట్టె ఉండాల్సిందే. మూడోనాటిది పాలో జున్నో దానికే తెలియదని వెక్కిరించేది. ఆమె ప్రాణమంతా రెండోనాటి బర్రె జున్ను మీద. నీళ్లకుండలో గిన్నె పెట్టి సన్నని సెగ మీద ఆవిరికి ఉడికిస్తే, కోసిన చోట తేనెపట్టులా చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్లో బెల్లంనీళ్లు ఊరి ఉంటాయి. నేను ఆత్రపడి చెయ్యి పెడితే వేళ్ల మీద కొట్టేది.

"ఉడుకుడుకు తింటే బెల్లం తింటవ్ పిలగా. సల్లారినంక తింటే పాలు తింటవ్."

అంత తెలిసిన మనిషి తన సొంత బర్రె రెండోనాటి జున్ను తిన్నది మాత్రం ఎన్నడూ లేదు. మా ఊళ్లో ఏ బర్రె ఈనినా మూడు రోజుల పాలు ముందు గడికి పోవాలి. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. అక్కడి బిందె నిండాక మిగిలినవే ఇంటివాళ్లకు. బుచ్చవ్వ ముసలి బర్రెకు ఎన్నడూ మిగిలేవి కావు. ఆ బిందె పట్టుకుని ఇంటింటికీ తిరగడం మా ఇంటి మీద పడ్డ వెట్టి, కూలి లేని చాకిరీ. అంటే ఆమె గడపలో బిందెతో నిలబడేవాణ్ని నేనే.

వానలు మొహం చాటేసిన ఏడు, ఆమె బర్రె ఈనింది. పుట్టింది ఆడ దుడ్డె, ఎముకలే తప్ప ఒళ్లు లేదు. బర్రె పొదుగు చూస్తే సగం బిందెకు కూడా వచ్చేట్టు లేదు. బుచ్చవ్వ బర్రెకూ నాకూ మధ్య నిలబడింది.

"గీ పూట పాలు దుడ్డెకు ఇడువు పిలగా. తాగకుంటే గది బతకది. గది సస్తే బర్రె పాలియ్యది, నా కత ఒడిసినట్టే. బర్రె తన్నింది, పాలొలికినయని గడిల జెప్పు. రేపటిసంది తీస్కపోదువు." నేను తిరిగి నడుస్తుంటే వెనకనుంచి మళ్లీ అన్నది, "గంతే జెప్పు."

నన్ను ఎరిగిన మనిషి కనుక ఆ రెండో మాట అన్నది.

గడిలో గుమాస్తాకు చెప్పాను. బర్రె తన్నింది, పాలు ఒలికాయి. ఆయన తల ఊపి, రేపు తెమ్మని కాగితాల్లో తల దూర్చాడు. పని అయిపోయింది. కానీ అక్కడ వసారాలో ఏవేవో పనుల మీద వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది కూర్చుని నా వైపే చూస్తున్నారు. అన్ని చెవులు ఊరికే ఉంటే నా నోరు ఊరుకోదు. "అసలు ఎందుకు తన్నిందంటే..." అన్నాను.

జెర్రిపోతు బర్రె వెనక కాళ్లను చుట్టుకుని పాలు తాగుతుందని మా వైపు అందరి నమ్మకం. నేను ఆ జెర్రిపోతును తెచ్చి బుచ్చవ్వ కొట్టంలో వేశాను. దానికి బండి నొగ అంత పొడుగు ఇచ్చాను. నాలుగు చన్నులూ వరసపెట్టి తాగించాను. పాలు నీలంగా మారాయన్నాను. గుమాస్తా కాగితాలు వదిలేసి విన్నాడు. ఆ బర్రె పాలు ఇక గడి గడప తొక్కొద్దన్నాడు. ఒక్క పూట అడిగిన మనిషికి మూడు రోజులూ గెలిచి ఇచ్చానని ఎగురుకుంటూ వచ్చాను.

దుడ్డె కడుపునిండా తాగింది. మర్నాడు మిగిలిన పాలతో బుచ్చవ్వ తన బర్రె రెండోనాటి జున్ను వండింది. చల్లారేదాకా ఇద్దరం ఎదురుచూశాం. ముక్క వేలితో తాకితే వణికింది, కొరికితే నిలబడింది. ముందు మిరియం, తరువాత బెల్లం, అన్నిటికన్నా చివర పాల కమ్మదనం వచ్చి నాలుక మీద కూర్చుంది. తింటూ తింటూ గడిలో జరిగింది గొప్పగా చెప్పాను. ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"తన్నిందని జెప్పమంటి గద."

గిన్నె మీద మూత పెట్టి, లేచి దుడ్డె దగ్గరికి వెళ్లింది.

వారం తిరిగేసరికి ఆమె వెన్న కొనేవాళ్లు లేరు. దేవరకొండ అంగడికి తీసుకెళితే అక్కడా పాము ఆమెకన్నా ముందే చేరింది, పైగా రెండుగా పెరిగింది. ఆ ఏడు మా ఊళ్లో ఆముదం కాక నెయ్యి పోసి దీపం పెట్టినవి రెండే ఇళ్లు, దొర గడీ, బుచ్చవ్వ గుడిసే. ఆ వయసులో ఆమె కలుపు కూలికి పోయింది. సాయంత్రాలు గోడ పట్టుకుని ఇంట్లోకి వెళ్లేది.

నిజం బయట చెప్పడానికి లేదు. గడిలో తెలిస్తే నా వీపూ ఆమె బర్రే రెండూ పోతాయి. మా ఇంటామెకు మాత్రం చెవిలో చెప్పాను. ఆమె అప్పుడు కడుపుతో ఉంది, బుచ్చవ్వ రోజూ ముంతెడు పాలు పంపేది. మా ఇంటామె ముంతను ముట్టకుండా నా మొహం చూసింది.

"గడిల జెప్పింది అబద్ధమైతే, గిప్పుడు నాకు జెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?"

ఆ పాలు నేనే తాగాను. కమ్మగా ఉన్నాయి, అదే బాధ.

నాలుగేళ్లు అట్లాగే గడిచాయి. ముసలి బర్రె పోయింది. దుడ్డె పెద్దదై తొలి ఈత ఈనింది. ఆ ఏడే నైజాం రాజ్యం పోయింది, దొర పట్నం వెళ్లిపోయాడు, గడికి తాళం పడింది. బిందె పట్టుకుని తిరగాల్సిన పని నాకు లేకుండా పోయింది. బుచ్చవ్వ రెండోనాటి పాలన్నీ వండి, చల్లార్చి, వాడకట్టు వాళ్లను పిలిచింది. పిలిస్తే వచ్చారు. వచ్చి గిన్నె చుట్టూ నిలబడ్డారు. పాము తాగిన బర్రెకు పుట్టిన దుడ్డె పాలాయె, ఒక్క చెయ్యి కూడా ముందుకు రాలేదు.

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఇంకో కత అల్లేవాణ్నేమో. నా నోట్లో ఒకటి తయారుగానే ఉంది, పామును చంపిన ముంగిస ఒకటి. దాన్ని మింగేశాను.

"పాము లేదు," అన్నాను. "గా పూట పాలు దుడ్డె తాగింది. పాము నేను పుట్టించిన."

వాళ్లు ఇంకేదో వస్తుందని కాసేపు చూశారు. ఏమీ రాలేదు. మా ఇంటామె నా మొహంలోకి తేరిపార చూసి, వంగి ఒక ముక్క తీసుకుని సంకలోని బిడ్డ నోట్లో పెట్టింది. తరువాత తనూ తిన్నది. ఆపైన గిన్నె ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అందరూ వెళ్లాక అడుగు గోకుతూ బుచ్చవ్వ అలసటగా అన్నది, "నిజం గింతేనా పిలగా? గీ రెండు ముక్కలనా మనం నాలుగేండ్లు మోసింది?"

ఆమె పోయి చాలా కాలమైంది. నా నోరు మాత్రం మానలేదు, ఈ వయసులో ఇక మానదు. కానీ ఆనాటి నుంచి నా కతలన్నిటిలో చచ్చేది నా ఎద్దే, కూలేది నా గోడే, దయ్యం పట్టేది నన్నే. విన్నవాళ్లు నవ్వి, లేచి, ఎవరింటికి వాళ్లు పోయి నిశ్చింతగా అన్నం తింటారు.