వంతెన అవతల కాఫీ

రష్యా నుంచి వచ్చి మా పక్కవాటాలో అద్దెకున్న రిమ్మాని వీసా లేకుండా సెర్బియాలో నెలరోజులే ఉండనిస్తారు. అందుకే నెలనెలా సరిహద్దులోని ద్రినా నది వంతెన దాటి, బోస్నియాలో ఒక కాఫీ తాగి, మరో నెల గడువుతో తిరిగొచ్చేది. సరిహద్దు అధికారులు మామూలుగా నవ్వుతూ పాస్‌పోర్టులో ముద్ర వేసేవాళ్లు. ఒకసారి తిరిగొస్తుంటే కొత్త అధికారి "ఏమిటీ నాటకం?" అని వెనక్కి పంపాడు. డ్యూటీ మారేదాకా వంతెన మీదే కూర్చుంది. తర్వాత వచ్చినవాడు ముఖమైనా చూడకుండా రానిచ్చాడు.

అప్పటినుంచి వెళ్లేముందు ఫ్రిజ్ ఖాళీ చేసి, పిల్లినీ తాళంచెవినీ నాకు అప్పగించేది.

"కాఫీకెళ్తున్నావా, కాటికెళ్తున్నావా?" అని కసిరేదాన్ని.

ఈ ఏడు ఆమెకు నివాస కార్డు వచ్చింది. ఇక సరిహద్దు దాటక్కర్లేదు. అయినా నెల తిరగ్గానే పిల్లినీ తాళంచెవినీ తెచ్చి ఇచ్చింది. "ఇప్పుడెందుకే?" అన్నాను. సాయంత్రందాకా తన గుమ్మం బయటే కూర్చుంది.

నేను తాళంచెవి తెచ్చేసరికి లేచి నిలబడి, పాస్‌పోర్టు తెరిచి నా ముందు చాపింది.

"ఈసారి రానిస్తావా, అక్కా?"