తోలు లేని కొళాయి

మా ఊరికి పేపరు రాకపోలేదు. ప్రొద్దుటూరు నుంచి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. అదీ టీ అంగడికీ, పంచాయతీ ఆఫీసుకీ, కొందరు పెద్దమనుషుల ఇళ్ళకీ మాత్రమే. మా వీధికి వార్తలు తెచ్చేది దండోరా వేసే ఆయనే. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా జమ్మలమడుగులో ఇంటిపన్ను కట్టాల్సిన గడువు, మశూచి టీకాలవాళ్ళు వచ్చే రోజు, పీర్ల పండగకు వీధులు ఊడ్పించే సంగతి, ఏదైనా సరే, తప్పెట మీద నాలుగు దెబ్బలు పడ్డాకే మాకు నిజమయ్యేది.

ఆయన చెప్పమన్నది చెప్పి ఊరుకునే మనిషి కాదు. "పన్ను కట్టకుంటే తలుపులు పీకుతారంట! యాడ పీకుతారప్పా, పోయినేడు పీకిన తలుపులే ఆఫీసు వెనకాల చెదలు పడతాండాయి" అని చివర్లో తన సొంత మాట ఒకటి కలిపేవాడు. పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నిసార్లు కేకలేసినా ఆ అలవాటు మానలేదు. ఆ కొసరు మాట కోసమే జనం గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు.

అందరికంటే ముందు మా అవ్వ వచ్చేది. అవ్వ అంటే మా నాన్నను కన్నతల్లి. వీధి దాటి బయటికి పోని మనిషే గానీ, బోర్డు మీటింగులో ఎవరు ఎవరిమీద లేచారో, ఏ వీధికి మురుగుకాలవ మంజూరయిందో అన్నీ ఆమెకు కావాలి. అరుగు మీద కూచుని అడిగేది. ఆయన తప్పెట చంకకు తగిలించుకుని, అరుగుకు బాగా దూరంగా నిలబడి, ఓపిగ్గా జవాబులు చెప్పేవాడు. ఆ దూరం ఆ రోజుల్లో మాకెవరికీ వింతగా తోచేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే తల వంగిపోతుంది.

మా నాన్న పూజారి. తెల్లారగట్ల ఊళ్ళో ఆంజనేయస్వామికి దీపం పెట్టి, పక్క పల్లెల్లో గుళ్ళు చూసుకుని, మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరేవాడు. వంటా, దేవుడి నైవేద్యమూ అవ్వ చేతిమీదుగా మడిగా జరగాలి. మా బావి నీళ్ళు ఉప్పు. పప్పు ఉడకదు, నోట్లో పోసుకోలేం. అందుకని ప్రతిరోజూ అమ్మ తడిబట్టతో పెన్నకు పోయి, ఇసకలో తవ్విన చెలమలో చెంబుతో తోడి, గుడ్డలో వడకట్టి, బిందె నింపుకుని తెచ్చేది. వానాకాలంలో ఫర్వాలేదు. ఎండలు ముదిరితే చెలమ లోతు పోతుంది, నీళ్ళున్న చోటు దూరం జరుగుతుంది. ఇసక పెనంలా కాలుతుంది. మడిలో ఉన్న మనిషి చెప్పులు వేసుకోకూడదు, దారిలో ఎవరినీ తాకకూడదు, ఎవరి చేతా బిందె పట్టించుకోకూడదు.

ఒక ఏడు అమ్మ నిండు బిందెతో ఏటి గట్టు ఎక్కుతూ జారిపడింది. కడుపులో ఉన్న బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అవ్వ కూడా. అయినా నీళ్ళ పద్ధతి మాత్రం మారలేదు.

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో అమ్మకు మళ్ళీ నెల తప్పిన సంగతి వీధికంతా తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే దండోరా వచ్చింది. పంచాయతీ వాళ్ళు ఏట్లో బావి తవ్వించారు, పెద్ద ట్యాంకు కట్టించారు, వీధి వీధికీ కొళాయి పెడుతున్నారు. మా వీధి కొసన కూడా ఒకటి. చివర్లో ఆయన, "ఇంగ ఆడోళ్ళ నడుములు నిలబడతాయి, మగోళ్ళకు మాత్రం నీళ్ళు లేవని చెప్పుకోను సాకు పాయె" అని కలిపాడు. వీధంతా నవ్వింది. అమ్మ తలుపు చాటున నిలబడి విన్నది. ఆమె మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

అవ్వ మాత్రం నవ్వలేదు. "ఏమప్పా, ఆ కొళాయిలో తోలుబిళ్ళ పెడతారంట గదా? కడపలో మా చుట్టాలు చెప్పినారు" అని అడిగింది.

పాపం, ఆయన ఉన్నమాటే చెప్పాడు. "ఉంటాదమ్మా. అది లేకుంటే నీళ్ళు నిలబడవు గదా. ఎంత తిప్పినా కారిపోతానే ఉంటాయి."

"అట్లయితే ఆ నీళ్ళు మా మడికి పనికిరావు" అని అవ్వ లేచి లోపలికి వచ్చేసింది. అంతే, ఆ మాటతో అమ్మ పెన్నదారి ఖాయమైపోయింది.

కొళాయి వచ్చింది. వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అలవాటుపడ్డారు. మా ఇల్లొక్కటే మిగిలింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో, అవ్వ మీద ఒళ్ళు మండిపోయేది. అవ్వ పెట్టిన అన్నం తినను, పలకరిస్తే పలకను, నా చేతనైన సాధింపులన్నీ సాధించాను. ఆమె చలించలేదు. నాన్న తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. అమ్మ అసలే మాట్లాడదు.

మాట్లాడింది పక్కింటి బూబమ్మ. తురకవాళ్ళ ఇళ్ళలో పెద్దామెను మా వైపు అట్లానే పిలుస్తారు. ఆమె భర్త ఇత్తడి పాత్రలకు కళాయి పూసే సాయబు. మా ఇంటి గిన్నెలన్నీ ఆయన చేతి మీదుగా తెల్లబడినవే. అవ్వ వాటిని చింతపండుతో తోమి, పసుపునీళ్ళు చల్లి లోపలికి తెచ్చుకునేది. బూబమ్మ గోడ అవతల నుంచి అడిగేసింది: "ఏమ్మా, గుళ్ళో డోలుకు ఉండేది తోలు కాదా? అది దేవుడి ముందర మోగుతాండాది గదా?"

"డోలును తాగుతామా మ్మే?" అంది అవ్వ.

బూబమ్మ గిరుక్కున లోపలికి పోయింది. ఆమె మొగుడి మీద పడింది. ఏం చెప్పిందో ఏమో, సాయబు పోయి ప్రెసిడెంటు దగ్గర కూచున్నాడు. కాలవలూ దీపాలూ మాట్లాడుకోవాల్సిన బోర్డు మీటింగులో ఆ వారం మా అవ్వ మడి సంగతే మాట్లాడుకున్నారట. రబ్బరు బిళ్ళ తెప్పిద్దామని ఒకరన్నారట. అది మద్రాసు నుంచి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, అమ్మ కడుపు ఆగేది కాదు. అప్పుడు అమ్మకు ఏడో నెల. రోజూ పొద్దున ఆమె ఏటికి పోతుంటే వీధిలో ఆడవాళ్ళు పనులాపి, ఆమె తిరిగి వచ్చేదాకా గుమ్మాల్లోనే నిలబడేవాళ్ళు.

ఒకరోజు పొద్దున ప్రెసిడెంటు, సాయబు, పంచాయతీ ఫిట్టరు ముగ్గురూ మా గుమ్మం ముందుకు వచ్చారు. "అమ్మా, మీ వీధి కొళాయికి తోలు తీయించేస్తాండాము. మీరే వచ్చి చూసుకోండి" అన్నాడు ప్రెసిడెంటు. అవ్వ చేతికర్ర పట్టుకుని వీధి కొస దాకా నడిచింది. ఎప్పుడూ అంత దూరం పోని మనిషి పోతుంటే వీధి వీధంతా వెనక నడిచింది. సాయబు కొళాయి పైభాగం విప్పాడు. నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మి ప్రెసిడెంటు పంచె నిలువునా తడిసిపోయింది. పిల్లలం కేరింతలు కొట్టాం. సాయబు నల్లటి బిళ్ళను పట్టకారుతో పైకెత్తి, "ఇదేనమ్మా తోలు. తీసేసినా" అని అందరికీ చూపించి మురుగుకాలవలో పారేశాడు. మళ్ళీ కొళాయి బిగించాడు. ఎంత బిగించినా ధార ఆగలేదు.

ఆ పూట మొదటిసారి అమ్మ తడిబట్టతో వీధి కొసకు పోయి, వంగి, తోడే పని లేకుండా బిందె నింపుకుని వచ్చింది. అవ్వ ఆ నీళ్ళతో వంట చేసింది.

అయితే కొళాయి ఆగదు కదా. మధ్యాహ్నానికల్లా ట్యాంకు సగానికి దిగిపోయింది. ఊరి అవతలి వైపు మగ్గాలవాళ్ళ వీధికి చుక్క ఎక్కక వాళ్ళు పంచాయతీ ఆఫీసు మీదికి వచ్చారు. అవ్వ భోంచేసి కునుకు తీస్తున్న వేళ సాయబు, ఫిట్టరు చప్పుడు కాకుండా వచ్చి కొత్త తోలుబిళ్ళ వేసేశారు. నేను అక్కడే ఉన్నాను. సాయబు నా వైపు చూసి, "పాపా, మీ యవ్వకు చెప్పద్దు. దీంట్లో పాపం ఉంటే నాకే రానీ" అన్నాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఆయన నోట అబద్ధం రాదని మా అవ్వే పదిమందితో అనేది.

సాయంత్రం దండోరా వచ్చింది. పూజారిగారి వీధి కొళాయికి తోలు లేదనీ, మడివాళ్ళు నిశ్చింతగా నీళ్ళు పట్టుకోవచ్చుననీ పంచాయతీ వారి తరఫున చాటాడు. అవ్వ అరుగు మీద నుంచి, "నిజమేనా అప్పా?" అని అడిగింది. ఆయన తప్పెట వైపు చూస్తూ, "పంచాయతీ మాటమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ అబద్ధాన్ని ఊరంతా పసిబిడ్డలా కాపాడింది. ఎన్నికల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు కూడా ఆ ఒక్క సంగతిలో ఒక్క మాట మీద ఉన్నారు. మగ్గాలవాళ్ళకు తెలుసు, టీ అంగడిలో తెలుసు, గుళ్ళో తెలుసు. నాన్నకు తెలుసు. అమ్మకు తెలుసు. బిందె దించినప్పుడల్లా అమ్మ దేవుడి పటం వైపు చూసి చెంపలు వేసుకునేది. అత్తను మోసం చేస్తున్నానన్న దిగులు ఆమెను లోపల తొలుస్తూనే ఉండేది.

శ్రావణమాసంలో నాకు చెల్లెలు పుట్టింది. ఆ సాయంత్రం సంత సంగతేదో చాటడానికి వచ్చిన దండోరా ఆయన చివర్లో, "పూజారిగారింట్లో ఆడబిడ్డ, తల్లీ బిడ్డా శానా బాగుండారు" అని తన సొంత మాటగా కలిపి, ఎవరూ అడగకుండానే తప్పెట మీద ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ వేశాడు. ప్రెసిడెంటు ఆ ఒక్కసారికి కేకలేయలేదట. పురిటి గదిలో అమ్మ అది విని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు కళ్ళు తడుస్తున్నాయి, దాచుకోను.

ఏళ్ళు గడిచాయి. రాష్ట్రం పెద్దదయింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. చెల్లెలు బడికి పోయే వయసుకొచ్చింది. ఒకనాడు వీధి కొళాయి పాడయితే ఎవరో కొత్త ఫిట్టరు వచ్చి బాగుచేశాడు. పాత బిళ్ళ పక్కన పడేస్తే, తొక్కుడుబిళ్ళ ఆటకు బాగుంటుందని మా చెల్లెలు దాన్ని ఏరుకుని, నేరుగా అవ్వ మంచం దగ్గరికి వచ్చింది.

"అవ్వా, ఇది చూడు. మన కొళాయిలోంచి తీసినారు."

అరిగి, నాని, నల్లబడిన తోలు. ఎవరు చూసినా ఇట్టే పోల్చుకుంటారు. నాన్న చేతిలో పంచాంగం అట్లాగే ఉండిపోయింది. అమ్మ గోడకు ఆనుకుంది.

అవ్వ మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. "ఏంది అందరూ కొయ్యబారిపోయినారు? తోలు లేకుంటే నీళ్ళు నిలబడవని ఆ దండోరా ఆయనే గదా మొదట నాకు చెప్పింది! పొద్దున వరదమాదిరి కారిన కొళాయి సాయంత్రానికి బుద్ధిగా మూసుకుంటే నాకు తెలీదా? ఏం చాటినా నాలుగు మాటలు కలిపేటోడు ఆపొద్దు ఒక్కటి కలపకుండా పాయె. అప్పుడే అర్థమయిపాయె."

అమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "తెలిసీ ఎట్లా తాగినారత్తా?"

"నేనే వద్దన్న నీళ్ళు నేనే ఎట్లా అడిగేది? ఒకసారి నా మొండితనానికి ఒక బిడ్డ పాయె. మళ్ళీ నువ్వు ఏటికి పోతాంటే నేను లోపల ప్రాణాలు బిగబట్టుకోని కూచునేదాన్ని. నోరు మాత్రం రాకపాయె. అంతలో ఊరోళ్ళే ఒక దారి చూపించిరి. నా కోసం ఆ సాయబు కూడా అబద్ధమాడె. అంతమంది నా కోసం పాపం మోస్తాంటే, నీళ్ళు తాగే పాపమన్నా నేను మొయ్యలేనా?"

చెల్లెలికి ఇవేవీ పట్టలేదు. "ఇది పారెయ్యాల్నా అవ్వా?" అని అడిగింది.

"ఉంచుకో. అది లేకుంటే నువ్వు యాడుంటివి? ఆడుకోని, కాళ్ళూ చేతులూ కడుక్కోనిరా."

చెల్లెలు వీధిలోకి పరుగెత్తింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, బిందె తీసుకుని కొళాయికి పోయింది. నీళ్ళు తెచ్చి దేవుడి గది ముందు దించింది. ఆ పూట చెంపలు వేసుకోలేదు.