బొట్టు పెట్టి పిలవని సంధి

మా వదిన ఆట మానేసిందంటే దానికి కారణం నేను కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త మనశ్శాంతి. ఆ ఆటకి కథ రాసినవాళ్ళు కారణం. ఏ దేశంలో, ఏ ఏసీ గదిలో కూర్చుని రాస్తారో తెలియదు గానీ, ఒక్కసారి మా ఇళ్ళల్లో పెళ్ళికో పేరంటానికో వచ్చి ఉంటే అంత పని చేసేవాళ్ళు కాదు.

ఫోన్లో ఆడే ఆట అది. కత్తులు, మంత్రాలు, రెక్కల గుర్రాలు అన్నీ ఉంటాయి. అందులో రెండు వర్గాలు, కోటవాళ్ళు, అడవివాళ్ళు. చేరేటప్పుడే ఏదో ఒక పక్షం ఎంచుకోవాలి. చెట్ల మీద ఇళ్ళు బాగున్నాయని నేను అడవి వైపు చేరాను. అంతకు మించి పెద్ద ఆలోచనేం లేదు. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. మధ్యాహ్నం కూలీలు అన్నాలు తిని నడుం వాల్చే వేళ నాకూ ఒక గంట దొరుకుతుంది. ఆ గంట ఆటది. "ముప్పై ఏడేళ్ళొచ్చాయి, ఇప్పుడు గుర్రాలెక్కుతావా" అని మా ఆయన మొదట్లో నవ్వాడు. తరవాత అలవాటు పడిపోయాడు.

చేరిన వారానికి తెలుగువాళ్ళ జట్టు ఒకటి దొరికింది. ఆడుతూనే మాట్లాడుకోవచ్చు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోగానే ఒక ఆడగొంతు ఎవరినో దులిపేస్తోంది. "ఒరేయ్, నువ్వు డాలు పట్టుకుంది ఫొటో దిగడానికా? ముందుకొచ్చి నిలబడరా." నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. వినుకొండలో పురుగుమందుల కొట్టు నడిపే మా వదిన, మా ఆయనకి సొంత అక్క.

అప్పటికి మేమిద్దరం రెండేళ్ళుగా సరిగా మాట్లాడుకోవడం లేదు. మేం కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. మాఘమాసమంటే మాకు మిరప కోతలు. కల్లం నిండా ఎర్రగా కాయలు, చేలో కూలీలు, ఇంట్లో రంగులవాళ్ళు. ఎటని పరిగెత్తేది? అందరికీ ఫోన్లు చేశాను. వదినకీ ఫోనే చేశాను. "తప్పకుండా రండి వదినా" అన్నాను. "సరేలేమ్మా" అంది. రాలేదు. కొత్త ఇంట్లో ఆడపడుచు పొంగించాల్సిన పాలు మా ఆయన చిన్నాన్న కూతురి చేత పొంగించాం. ఆ తరవాత ఏ పెళ్ళిలో ఎదురుపడినా "బాగున్నావా", "బాగున్నానండి", అంతే. ఆవిడ మా గడప తొక్కలేదు. నేనూ మళ్ళీ రమ్మనలేదు. ఫోన్ చేశాను కదా, ఇంకేం చెయ్యాలి అని నా పంతం నాది.

అందుకని ఆటలో రెండు రోజులు నోరెత్తలేదు. ఏదన్నా చెప్పాలంటే టైపు చేసేదాన్ని. మూడో రోజు వదినే అడిగింది. "ఆ కొత్తగా చేరినమ్మాయి మాట్లాడదేం? నోట్లో బెల్లం పెట్టుకుందా?"

"నేనే వదినా" అన్నాను.

ఆటలో ఆవిడ పట్టిన డాలు పక్కకి వాలిపోయింది. అటు కోటవాళ్ళు మా మీద బాణాలేస్తున్నారు. నా పని అయిపోయింది, ఇక జట్టు మారాల్సిందే అనుకున్నాను. అప్పుడు అడిగింది. "మీ చేలో నల్ల తామర పురుగు తగ్గిందా?"

అక్కడ మొదలైంది. నాలుగేళ్ళు రోజూ మధ్యాహ్నం రెండింటికి, ఆవిడ కొట్లో బేరాలు పల్చబడే వేళకి, ఇద్దరం కలిసేవాళ్ళం. ఆవిడ డాలు పట్టుకుని ముందు నిలబడేది, నేను వెనక నుంచి మంత్రాలు వేసేదాన్ని. మధ్యలో ఆవిడ మోకాళ్ళ నొప్పులు, నా గోంగూర పచ్చడి, ఏ మందు కొడితే పూత రాలదు, అన్నీ వచ్చేవి. ఇల్లు మాత్రం మాటల్లోకి వచ్చేది కాదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అయినా నిజం చెప్పాలంటే నా పెళ్ళయ్యాక అంత హాయిగా ఎవరితోనూ కబుర్లు చెప్పుకోలేదు.

ఇక ఆ కథ సంగతి. కొన్ని నెలలకొకసారి కొత్త అధ్యాయం వస్తుంది. వచ్చినప్పుడల్లా మాకు ఒళ్ళు మండేది. కోటవాళ్ళకి తాతముత్తాతల చరిత్ర ఉంటుంది, వాళ్ళ రాజు చిన్నప్పుడు ఏం తిన్నాడో కూడా చెబుతారు. మావాళ్ళకి ఏమీ ఉండదు. కథకి దుర్మార్గుడు కావలసి వస్తే మాత్రం మేం గుర్తొస్తాం. మా నాయకుల్లో ముగ్గురికి పూనకాలొచ్చి చెడ్డవాళ్ళయిపోయారు. కోటవాళ్ళలో ఒక్కడికి జలుబైనా రాలేదు. "ఆ రాసేవాళ్ళింట్లో అందరూ కోటవాళ్ళే అయ్యుంటారు" అనేది వదిన.

చివరికి ఒక అధ్యాయంలో కోటవాళ్ళు వచ్చి మా చెట్ల ఊరు తగలబెట్టేశారు. మూడేళ్ళకి పైగా మేం తిరిగిన ఊరు. నేను నిజంగానే ఏడ్చాను. ఎనిమిది నెలలు ఎదురుచూశాం, దీనికి బదులు ఏం చెబుతారా అని. ఆ ఎనిమిది నెలలూ వదిన ఆటలోకి రాగానే ముందు ఆ కాలిన చోటికి వెళ్ళి కాసేపు నిలబడేది. ఆ తరవాతే మిగతా పనులు.

కొత్త అధ్యాయం తెరిస్తే విందు. కోట రాజు పక్కన మా నాయకురాలు కూర్చుని నవ్వుతోంది. రాజు రమ్మన్నాడట, ఈవిడ వెళ్ళిందట. "జరిగిందేదో జరిగింది" అని ఒక్క ముక్క, చేతిలో చెయ్యి, బాణసంచా. మధ్యలో ఏం జరిగిందో ఒక్క దృశ్యం లేదు.

"ఎవరొచ్చి పిలిచారు?" అంది వదిన. గొంతు చాలా నెమ్మదిగా ఉంది, దానికే భయమేసింది. "ఊరు కాల్చినోడు ఈ గుమ్మంలోకి వచ్చాడా? తప్పయిందన్నాడా? బొట్టు పెట్టి పిలిచిన పేరంటానికే ఆలోచించుకుని వెళ్తాం. కబురంపితే పరిగెత్తుకుపోయిందా ఆవిడ? సిగ్గుండక్కర్లా?"

జట్టులో అందరం అవునన్నాం. నా గొంతే పెద్దది. వదిన కంపెనీకి తెలుగులో పొడుగాటి ఉత్తరం రాసింది. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని మర్నాడు జవాబొచ్చింది, కింద ఒక ఉచిత టోపీతో. మా పాత్రలకి పెట్టుకోవడానికట. వదిన ఆ టోపీ తీసుకోలేదు. ఆట ఫోన్లోంచి తీసేసింది.

మధ్యాహ్నం రెండింటి వేళ ఖాళీ అయిపోయింది. రెండు రోజులు ఒక్కదాన్నే ఆడబోయాను, ముందు నిలబడేవాళ్ళు లేక చచ్చి చచ్చి లేచాను. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. "రండి వదినా, మీరు లేక బాలేదు." నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. మళ్ళీ పెట్టాను. బొమ్మలు పంపాను. పది రోజులైంది. ఆట పోతే పోయింది, మళ్ళీ ఆ "బాగున్నావా", "బాగున్నానండి" రోజులు వచ్చేస్తాయని గుండెల్లో గుబులు.

కల్లంలో కాయలు తిరగబోస్తూ మా ఆయన దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. "ఒక్క మనిషి ఆ గుమ్మం దాకా వెళ్ళి ఒక్క మాట అని ఉంటే సరిపోయేదిగా. అంత మాత్రం రాయలేకపోయారా?"

ఆయన చేతిలో పార ఆపలేదు. "మా అక్కని నువ్వెట్టా పిలిచావు?"

"మెసేజ్ పెట్టాగా. నాలుగు పెట్టా."

"అప్పుడూ ఫోనేగా" అన్నాడు.

ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టాను, మొహం మాడ్చుకుని. అక్కాతమ్ముళ్ళు ఒకటే అనుకున్నాను. ఆరేళ్ళు కడుపులో పెట్టుకుని ఇప్పుడా అనడం అనుకున్నాను. రాత్రికి కోపం తగ్గాక, ఆయనన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని వెతికితే దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే కుంకుమ భరిణె సంచిలో వేసుకుని గుంటూరు వెళ్ళి, అక్కడ వినుకొండ బస్సెక్కాను. దారి పొడుగునా ఆటలోకి రమ్మని ఎలా అడగాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఒక రైతు ముడుచుకుపోయిన మిరపాకు బల్ల మీద పెట్టి ఏం మందని అడుగుతున్నాడు. వదిన కళ్ళజోడు పైకి తోసి దాన్ని చూస్తోంది. నన్ను చూసింది, నా చేతిలో భరిణె చూసింది.

"ఏంటమ్మాయ్, ఎవరి పెళ్ళి?"

"పెళ్ళి కాదు వదినా. మిమ్మల్ని పిలవడానికొచ్చాను."

"ఆటకా? నేను రాను. తీసేశాగా."

ఆటకనే చెప్పాలని వచ్చినదాన్ని. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "మా ఇంటికి."

ఆ రైతు నా వంకా ఆవిడ వంకా చూస్తున్నాడు. "గృహప్రవేశానికే నేనిలా పిలవడానికి రావాల్సింది వదినా. కోతలని వంక పెట్టుకున్నాను. తప్పు నాదే" అన్నాను.

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను బొట్టు పెట్టాను, కొంచెం పక్కకి పోయింది. వదిన దాన్ని తుడుచుకోలేదు. రైతు వైపు తిరిగి, "నువ్వుండవయ్యా, ఇస్తా" అంది. కళ్ళజోడు వెంటనే పెట్టుకోలేదు.

వదిన ఆట మళ్ళీ ఫోన్లో వేసుకుంది, ఇప్పుడు మధ్యాహ్నాలు ఆడుతున్నాం. కథ భాగం వచ్చినప్పుడల్లా వదిన దాన్ని దాటేస్తుంది. ఆ విందు జరగలేదనే మా జట్టు తీర్మానం. ఆ రాజు కాలిన ఊరికి నడిచి వచ్చేదాకా మేం సంధికి ఒప్పుకోలేదన్నట్టే ఆడతాం. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నేను బొట్టు పెట్టి పిలిచొచ్చిన ఆ వారంలోనే, శుక్రవారం వదిన మా ఇంటికి వచ్చింది. గదులు చూపిద్దామని నేను ముందు నడవబోయాను. ఆవిడ కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది.

"పాలున్నాయా?" అంది.

గిన్నెలో పోసిచ్చాను. మంట పెద్దది చేసి పొయ్యి ముందు నిలబడింది. ఇద్దరం ఆ గిన్నెనే చూస్తూ నిలబడ్డాం. పాలు పైకి లేచి, అంచు దాటి, పొయ్యి నిండా పొర్లాయి. మామూలుగా ఒక్క చుక్క పడితే నేను ఇల్లు పీకి పందిరేస్తాను. గుడ్డ తీసుకుని తుడవబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అమ్మాయ్" అంది. "కాసేపు ఉండనీ."