అదే బస్సులో మావారు

1957లో నేను ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రిలో నర్సును. కాన్పుల వార్డుకు లేడీ డాక్టరును వేయమని అడగడానికి మా యూనియన్ తరఫున కాంపౌండరూ నేనూ నంద్యాలలోని పెద్ద ఆఫీసరు దగ్గరికి బయల్దేరాం.

"ఆయప్పతో నువ్వే పోవల్నా?" అని మావారు ముందురోజు అన్నం ముట్టలేదు.

నంద్యాలలో దిగి చూస్తే, తలకు తువ్వాలు చుట్టుకుని వెనక సీటులోంచి ఆయనే దిగుతున్నారు! సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసులోకీ మా వెంటే వచ్చారు.

"ఇది మీ యూనియన్ గోలే గానీ, జనం ఎవరైనా అడిగారా?" అన్నాడు ఆఫీసరు.

మావారు ముందుకొచ్చారు. "నేను అడుగుతాండా సారూ. డాక్టరమ్మ లేకనే మా తొలిబిడ్డ దక్కల్యా."

బిడ్డ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ తర్వాత మాకు డాక్టరమ్మ వచ్చింది. ఆయన కుళ్లుకుని బస్సెక్కకపోతే వచ్చేదా అనుకుంటాను. ఆ రోజు తిరుగు బస్సులో మాత్రం, కాంపౌండరుకూ నాకూ మధ్యలోనే కూర్చున్నారు.